రే ట్రేసింగ్ కోసం ఎంత పెట్టాలి? కార్డా, కన్సోలా, ల్యాప్‌టాపా

"మావయ్యా, ఫిఫ్టీ సిక్స్టీ కార్డు కొననా, పీఎస్ ఫైవ్ కొననా, లేక గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోనా?" గుంటూరు నుంచి మా అక్క కొడుకు ఫోను. ఫిఫ్టీ సిక్స్టీ అంటే ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 5060, పీసీలో గేము బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు; పీఎస్ ఫైవ్ అంటే టీవీకి తగిలించే సోనీ గేమింగ్ కన్సోల్. బీటెక్ మూడో ఏడు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బులకి వాళ్ల నాన్న కొంత కలుపుతానన్నాడట. ఏది కొన్నా రే ట్రేసింగ్, అంటే గేములో వెలుగుని కిరణాలుగా లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి, ఉండి తీరాలట. ఎందుకురా అంటే, వాన పడిన రోడ్డు మీద లైట్లు మెరిసే వీడియో ఒకటి పంపాడు.

ఆ ఆదివారం సాయంత్రం వాణ్ని సీతానగరం ఘాట్‌కి రమ్మన్నాను. చీకటి పడ్డాక అక్కణ్నుంచి చూస్తే అవతలి ఒడ్డున ఇంద్రకీలాద్రి మీది దీపాలు, బ్యారేజీ లైట్లు కృష్ణలో పొడుగ్గా సాగి కనిపిస్తాయి. ఫోను కెమెరా తెరిచి మెల్లగా నీళ్ల వైపు వంచమన్నాను. కొండ ఫ్రేములోంచి పోయింది. నీళ్లలో దీపాలు మాత్రం అలాగే ఉన్నాయి.

"ఉండక ఎక్కడికి పోతాయి మావయ్యా?"

గేములో అయితే పోతాయిరా అన్నాను.

## ఒకే పేరు, నాలుగు సరుకులు

మామూలు గేముల్లో నీటి మీది ప్రతిబింబాన్ని చాలావరకు తెర మీద అప్పటికే గీసిన బొమ్మలోంచే తెచ్చుకుంటారు. తెర మీద లేనిది నీళ్లలోకి రాదు. కెమెరా వంచి కొండని తెర దాటించగానే నీళ్లలోని దీపాలు కూడా అంచు నుంచి చెరిగిపోతూ వస్తాయి. రే ట్రేసింగ్ పద్ధతి వేరు. పిక్సెల్ నుంచి కిరణాన్ని వదిలి, అది నీటిని తాకి ఎటు తిరిగిందో, చివరికి దేనికి తగిలిందో లెక్క కడుతుంది. కొండ తెర మీద లేకపోయినా గేము లోకంలో ఉంది కాబట్టి కిరణం వెళ్లి దానికే తగులుతుంది.

అయితే ఇది ప్రతిబింబాల సంగతి మాత్రమే. రే ట్రేసింగ్ అన్న ఒక్క పేరు కింద నాలుగు రకాల సరుకు అమ్ముతున్నారు. నాలుగింటి బరువూ వేరు, కంటికి దక్కేదీ వేరు.

నీడలు అన్నిటికన్నా తేలిక. వస్తువు దగ్గర నీడ పదునుగా, దూరం పోయేకొద్దీ మెత్తగా పడటం వీటి పని. నిజం చెప్పాలంటే ఆట వేడిలో దీన్ని గమనించేవాళ్లు తక్కువ. ప్రతిబింబాలు వీడియోల్లో బాగా పండుతాయి. అందుకే ప్రచారాలన్నిటిలో తడిసిన రోడ్లూ అద్దాల మేడలూ. 2018 నవంబరులో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 5 దీనితోనే మొదలుపెట్టింది.

మూడోది గ్లోబల్ ఇల్యూమినేషన్. పేరు పెద్దది కానీ, గుంటూరు వాళ్లకి చెప్పడం తేలిక. సీజన్‌లో మిర్చి యార్డుకి వెళ్లండి. ఎండలో ఎండుమిర్చి రాశుల మధ్య తెల్ల చొక్కా వేసుకున్న మనిషి నిలబడితే చొక్కా కింది అంచు, గడ్డం కింది భాగం ఎర్రగా కనిపిస్తాయి. ఎండ రాశి మీద పడి, ఎరుపు పూసుకుని, చొక్కా మీదికి తుళ్లుతుంది. ఒక్కటే కిటికీ ఉన్న గదిలో మూలలు సైతం కాస్త కనబడటానికీ కారణం ఇదే. వెలుగు గోడ నుంచి గోడకి పోతుంది. 2019 ఫిబ్రవరిలో మెట్రో ఎక్సోడస్ దీన్ని తెచ్చింది. వీడియోలో దీన్ని పట్టుకోలేం, ఆడుతున్నప్పుడు మాత్రం గది గదిలా ఉంటుంది. నా మటుకు నాకు, రే ట్రేసింగ్‌కి డబ్బు పెట్టాలంటే దీనికే పెట్టాలి.

నాలుగోది పాత్ ట్రేసింగ్. నీడ, ప్రతిబింబం, తుళ్లిన వెలుగు అని విడదీయకుండా అంతా కిరణాలతోనే చేయడం. సైబర్‌పంక్ 2077కి 2023 ఏప్రిల్‌లో, అలన్ వేక్ 2కి అదే ఏడాది అక్టోబరులో, బ్లాక్ మిత్ వుకాంగ్‌కి 2024 ఆగస్టులో వచ్చింది. చూస్తే నోరు తెరుచుకుంటుంది. కార్డుకి కూడా నాలుక బయటికొస్తుంది.

## ఎందుకింత బరువు

ఈ విద్య కొత్తదేం కాదు. టర్నర్ విట్టెడ్ 1980లో ప్రచురించిన పత్రంలో గాజు గోళాలు, వాటిలో ప్రతిబింబాలు, గళ్ల నేల కిరణాలతోనే గీసి చూపించాడు. 640×480 బొమ్మ ఒకటి గీయడానికి ఆనాటి వ్యాక్స్ కంప్యూటర్‌కి 74 నిమిషాలు పట్టింది. ఇవాళ గేము సెకనుకి 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో బొమ్మకి దొరికేది 16.7 మిల్లీసెకన్లు. 1080పీ తెర మీద 20.7 లక్షల పిక్సెళ్లున్నాయి. పిక్సెల్‌కి ఒక్క కిరణం వదిలినా సెకనుకి 12 కోట్లు దాటుతుంది.

కిరణం వదలడం కష్టం కాదు, అది దేనికి తగిలిందో వెతకడం కష్టం. గేములో వస్తువులన్నీ చిన్న త్రిభుజాలతో అల్లినవే, అవి లక్షల్లో ఉంటాయి, ఒక్కోదాన్నీ అడుగుతూ పోతే తెల్లారుతుంది. గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు వెతికినట్టు వెతకాలి. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ముందు పేట, తర్వాత లైను, తర్వాత అడ్డరోడ్డు, ఆ తర్వాతే ఇల్లు. అరండల్‌పేట తలుపులు తట్టాల్సిన పనే లేదు. గేములో కూడా వస్తువుల్ని పెట్టెలో పెట్టెగా సర్ది ఉంచుతారు. కిరణం పెద్ద పెట్టెకి తగలకపోతే దానిలోని చిన్నవాటిని చూడదు. 2018 సెప్టెంబరులో ఎన్విడియా 20 సిరీస్‌తో వచ్చిన ఆర్‌టీ కోర్లు ఈ వెతుకులాట కోసమే పెట్టిన ప్రత్యేక భాగాలు. కదిలే మనుషులూ బళ్లూ ఉంటే పెట్టెల్ని మళ్లీ మళ్లీ సర్దాలి. అందులో కొంత బరువు ప్రాసెసర్ మీద పడుతుంది. కార్డు కొత్తది, ప్రాసెసర్ పాతది అయితే కుంటి నడక తప్పదు.

ఇంత చేసినా పిక్సెల్‌కి ఒకటి రెండు కిరణాలకి మించి దొరకవు. సినిమావాళ్లు వందలు వదులుతారు, వాళ్లకి టైముంది. తక్కువ కిరణాలతో వచ్చిన బొమ్మ ఇసక చల్లినట్టు గరగరగా ఉంటుంది. దాన్ని నున్నగా చేసేది డీనాయిజర్. అది ముందు ఫ్రేముల నుంచి కూడా అరువు తెచ్చుకుంటుంది కాబట్టి కదిలేవాటి వెనక చారలు వదులుతుంది. చీకటి రోడ్డు మీద కారు ఎర్ర లైటు వెనక రంగు తోకలా సాగితే మీ మానిటర్‌ని తిట్టకండి, అది ఈ అరువే. 2023లో ఎన్విడియా రే రీకన్‌స్ట్రక్షన్ అని ఏఐతో ఇదే పని చేయించాక తోకలు చాలా తగ్గాయి.

చిన్న బొమ్మ గీసి పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్ (ఎన్విడియాది), ఎఫ్‌ఎస్‌ఆర్ (పోటీ కంపెనీ ఏఎండీది) లేకుండా రే ట్రేసింగ్ ఇవాళ ఎవరూ ఆడరు. అది తప్పేం కాదు, అసలు ఉపాయమే అది. ఫ్రేమ్ జనరేషన్ దగ్గర మాత్రం జాగ్రత్త. 30 ఫ్రేములు వచ్చేచోట మధ్యలో కల్పించినవి కలిపి 60 చూపిస్తుంది. కంటికి 60, చేతికి 30. మౌస్ తిప్పితే తెలిసిపోతుంది. అసలు ఫ్రేములు యాభై అరవై వస్తున్నప్పుడే అది ఆన్ చేసి సుఖం. "5070లో 4090 పనితనం", అంటే కొత్త మధ్య తరగతి కార్డులో పాత తరపు అతి పెద్ద కార్డు వేగం, లాంటి మాటలు వింటే ముందు ఈ లెక్క వేసుకోండి.

## ఆన్, ఆఫ్ బటన్ రోజులు పోతున్నాయి

2019లో నేను ఆర్‌టీఎక్స్ 2060 కొన్నది రే ట్రేసింగ్ కోసమే. రెండు రోజులు ఆన్‌లో ఉంచాను. మూడో రోజు ఆఫ్ చేశాను, మళ్లీ ముట్టుకోలేదు. చాలా ఏళ్ల పాటు నా సలహా కూడా అదే: దాన్ని పట్టించుకోవద్దు, మామూలు వేగం చూసి కొనండి.

2024 డిసెంబరులో ఆ సలహా పాతబడింది. ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్‌లో రే ట్రేసింగ్‌ని ఆఫ్ చేసే వీలే లేదు. హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ లేని కార్డుకి ఆ గేము లేదు. 2025 మేలో డూమ్: ద డార్క్ ఏజెస్ కూడా అంతే. రెండింటికీ కనీస అర్హత ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ లేదా ఏఎండీ రేడియన్ ఆర్‌ఎక్స్ 6600 అని రాశారు, రెండూ 8 జీబీ కార్డులే. నా దగ్గరున్నది మామూలు 2060, 6 జీబీ. రే ట్రేసింగ్ కోసం కొన్న కార్డే రే ట్రేసింగ్ తప్పనిసరి అయ్యేసరికి గడప బయట నిలబడింది. అదీ ఆర్‌టీ కోర్లు లేక కాదు, మెమరీ చాలక.

గేము తయారీదారులు ఇటు ఎందుకు వస్తున్నారో అర్థం చేసుకుంటే మీ ఎంపిక సగం తేలుతుంది. పాత పద్ధతిలో గది వెలుగుని ముందే లెక్క కట్టి గోడలకి అంటించేవారు. కిటికీ ఒకటి జరిపితే మళ్లీ గంటల తరబడి లెక్క. పగలూ రాత్రీ మారే గేములో, గోడలు కూలే గేములో ఆ అంటింపు పనికిరాదు. రే ట్రేసింగ్ ఉంటే కిటికీ జరిపిన క్షణమే వెలుగు మారుతుంది. ఆ సుఖం మరిగినవాళ్లు వెనక్కి పోరు. పైగా 2025 అక్టోబరులో సోనీ, ఏఎండీ కలిసి రాబోయే కన్సోళ్ల కోసం రేడియన్స్ కోర్లు అని కిరణాల పనికే ప్రత్యేక భాగాలు చేస్తున్నామని చెప్పాయి. కన్సోల్ ఎటు పోతే పెద్ద గేములు అటే పోతాయి.

కాబట్టి ఇప్పుడు "రే ట్రేసింగ్ కావాలా వద్దా" అని అడిగి లాభం లేదు. రాబోయే నాలుగేళ్లు గేము లోపలికి రానిచ్చే టికెట్టు కొంటున్నారా, లేక మొదటి వరస సీటు కొంటున్నారా అన్నది తేల్చుకోవాలి. ఈ రెండింటి మధ్య ధర తేడా చాలా ఎక్కువ.

## కొనేముందు వీటికి జవాబు చెప్పుకోండి

ఏం ఆడతారు? వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 మాత్రమే ఆడేవాళ్లు ఈ వ్యాసం ఇక్కడే ఆపేయొచ్చు. వాటిలో రే ట్రేసింగ్ లేదు. ఆ డబ్బు మంచి రిఫ్రెష్ రేటున్న మానిటర్‌కి పెట్టండి.

మానిటర్ ఎంత? 1080పీ నుంచి 1440పీకి వెళ్తే పిక్సెళ్లు దాదాపు 1.8 రెట్లు, 4కేకి వెళ్తే నాలుగు రెట్లు. కిరణాలూ అంతే పెరుగుతాయి. 1080పీ మానిటరున్నవాళ్లు మధ్య తరగతి కార్డుతో రాజాలా బతకొచ్చు.

వీడియో మెమరీ ఎంత? ఇది అన్నిటికన్నా ముఖ్యం, షాపులో ఎవరూ చెప్పనిదీ ఇదే. ఇందాక చెప్పిన పెట్టెలన్నీ ఉండేది కార్డు మెమరీలోనే. రే ట్రేసింగ్ ఆన్ చేస్తే ఒకటి రెండు జీబీలు అదనంగా పోవడం మామూలు. ఫ్రేమ్ జనరేషన్‌కి ఇంకొంచెం. 8 జీబీ నిండగానే సరుకు కంప్యూటర్ ర్యామ్‌లోకి పొంగుతుంది, గేము తడబడటం మొదలవుతుంది.

ఎన్నేళ్లు ఉంచుకుంటారు? రెండేళ్లకోసారి అమ్మి మార్చేవాళ్ల లెక్క వేరు. మన ఇళ్లలో కార్డు కొంటే అయిదేళ్లు, ఆ తర్వాత తమ్ముడికి.

## కార్డులన్నీ ఒక్క చోట

ధరలు అమెరికాలో విడుదలప్పుడు ప్రకటించినవి. ఇక్కడ పన్నూ దిగుమతీ షాపు లాభమూ కలిసి రూపాయల్లో వారానికో తీరుగా ఉంటాయి. వరసని పోల్చుకోవడానికి మాత్రం ఇవి పనికొస్తాయి.

| కార్డు | మెమరీ | కరెంటు | విడుదల ధర | నా మాట |
|---|---|---|---|---|
| ఆర్‌టీఎక్స్ 3060 (ఇప్పుడు సెకండ్ హ్యాండ్) | 12 జీబీ | 170 వాట్లు | 329 డాలర్లు | చవక టికెట్టు, 1080పీకే |
| ఇంటెల్ ఆర్క్ బీ580 | 12 జీబీ | 190 వాట్లు | 249 డాలర్లు | కొత్త పీసీ అయితేనే |
| ఆర్‌టీఎక్స్ 5060 | 8 జీబీ | 145 వాట్లు | 299 డాలర్లు | రే ట్రేసింగ్ కోసమైతే వద్దు |
| ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ | 16 జీబీ | 160 వాట్లు | 349 డాలర్లు | ఎక్కువమందికి ఇదే |
| ఆర్‌టీఎక్స్ 5060 టీఐ | 16 జీబీ | 180 వాట్లు | 429 డాలర్లు | పాత్ ట్రేసింగ్ రుచి చూడాలంటే |
| ఆర్‌టీఎక్స్ 5070 | 12 జీబీ | 250 వాట్లు | 549 డాలర్లు | వేగం ఉంది, మెమరీ ఇరుకు |
| ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ | 16 జీబీ | 304 వాట్లు | 599 డాలర్లు | 1440పీ మానిటరుంటే |

అసలు పోటీ 9060 ఎక్స్‌టీకీ 5060 టీఐకీ మధ్య. ఏఎండీ పాత కార్డులు రే ట్రేసింగ్‌లో బాగా వెనకబడేవి. 2025లో వచ్చిన 9000 సిరీస్‌తో ఆ తేడా చాలా తగ్గింది. తప్పనిసరి రే ట్రేసింగ్ గేముల్లో, మామూలు గ్లోబల్ ఇల్యూమినేషన్‌లో రెండూ ఇంచుమించు పక్కపక్కనే నడుస్తాయి. పాత్ ట్రేసింగ్ ఆన్ చేస్తే ఎన్విడియా ముందుకి పోతుంది. డీఎల్‌ఎస్‌ఎస్ ఉన్న గేములు కూడా ఎక్కువ. బ్లెండర్‌లో త్రీడీ పని చేసుకునే విద్యార్థులకీ ఎన్విడియానే హాయి. వీటి కోసం 80 డాలర్ల తేడా పెట్టాలా? సైబర్‌పంక్, అలన్ వేక్ పూర్తి సొగసుతో ఆడాలని ప్రాణం పెట్టేవాళ్లయితే పెట్టండి. మిగతావాళ్లు ఆ తేడాతో మంచి ఎస్‌ఎంపీఎస్ (పీసీ లోపల కరెంటిచ్చే డబ్బా) కొనుక్కోండి.

ఒక మెలిక చెప్పాలి. ఈ రెండు పేర్లతోనే 8 జీబీ రకాలు కూడా ఉన్నాయి. డబ్బా ఒకేలా ఉంటుంది, పేరు ఒకేలా ఉంటుంది. పైగా 5060 టీఐ మదర్‌బోర్డుతో మాట్లాడేది ఎనిమిది దారుల్లోనే, 9060 ఎక్స్‌టీ పదహారింటిలో. పాత బోర్డు అయితే, మెమరీ పొంగినప్పుడు ఆ ఎనిమిది దారుల్లో ట్రాఫిక్ బెంజి సర్కిల్ సాయంత్రం ఆరింటికి ఉన్నట్టుంటుంది.

ఆర్క్ బీ580కి రీసైజబుల్ బార్ అనే సౌకర్యం బయోస్‌లో (మదర్‌బోర్డు మూల సెట్టింగుల్లో) ఉండాలి, ప్రాసెసర్ కూడా కొంచెం గట్టిదై ఉండాలి. లేకపోతే చవకగా కొన్న ఆనందం మిగలదు. సెకండ్ హ్యాండ్ 3060లో 12 జీబీ ఉండటం పెద్ద వరం. అయితే 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో నాణెం మైనింగ్ ఆగిపోయేదాకా ఆ కార్డులు చాలా చోట్ల రాత్రింబవళ్లు మైనింగ్ చేశాయి. కొనేముందు అరగంట గేము నడిపి ఫ్యాను చప్పుడు వినండి.

మా వాడి దగ్గర పదో తరం ఐ5 పీసీ, జీటీఎక్స్ 1650 (ఆర్‌టీ కోర్లు లేని పాత కార్డు), 1080పీ మానిటర్ ఉన్నాయి. ఆ సంగతి గంట మాట్లాడాక గానీ చెప్పలేదు! ఉన్న పీసీలో కార్డు మారిస్తే చాలేచోట కొత్త ల్యాప్‌టాప్ గురించి ఎందుకురా అంటే, హాస్టల్‌కి మోసుకెళ్లొచ్చు కదా అన్నాడు.

## ల్యాప్‌టాప్

హాస్టల్లో ఉండేవాళ్లకి, రూము మారుతూ ఉండేవాళ్లకి ఇంకో దారి లేదు, ఒప్పుకుంటాను. కానీ పేర్లు చూసి మోసపోకండి. డెస్క్‌టాప్ 5070లో 12 జీబీ ఉంటే ల్యాప్‌టాప్ 5070లో 8 జీబీ. 4050 ల్యాప్‌టాప్‌లో 6 జీబీయే. రే ట్రేసింగ్ తప్పనిసరి గేములకి ఆ ఆరు చాలదని పైన చూశాం.

పేరు కన్నా వాట్లు ముఖ్యం. ఒకే 4060 పేరు మీద 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా రకరకాల ల్యాప్‌టాపులున్నాయి. సన్నగా అందంగా ఉన్నదానికి తక్కువ వాట్లు, లావుగా ఇటుకలా ఉన్నదానికి ఎక్కువ. మా ఆఫీసులో ఒకాయన సన్నదే ముచ్చటపడి కొన్నాడు, కొడుకు రే ట్రేసింగ్ ఆన్ చేసిన పది నిమిషాలకి కీబోర్డు మీద వేళ్లు పెట్టలేకపోయాడట. అది కొన్న షాపులో వాట్ల మాటే ఎత్తలేదు. మీరు ఎత్తండి. టీజీపీ (కార్డుకి ఇచ్చే వాట్లు) ఎంత అని అడిగితే జవాబు రాని చోట కొనకండి.

## పీఎస్ 5

సెట్టింగులు అంటే విసుగు పుట్టేవాళ్లకి ఇది మంచిది. టీవీకి తగిలించి ఆడుకోవడమే. దాని రే ట్రేసింగ్ బలం తక్కువే, అయినా గేము చేసేవాళ్లు దాని కొలతకి తగ్గట్టే కుట్టి ఇస్తారు. స్పైడర్‌మ్యాన్ మైల్స్ మోరాలెస్‌లో 60 ఫ్రేముల్లో ప్రతిబింబాలు, అసాసిన్స్ క్రీడ్ షాడోస్‌లో గ్లోబల్ ఇల్యూమినేషన్ దక్కుతాయి. చాలా గేముల్లో ఆ సొగసు కావాలంటే 30 ఫ్రేములతో సర్దుకోవాలి. పాత్ ట్రేసింగ్ ఆశ వదులుకోండి.

2021 ఫిబ్రవరిలో ఇక్కడికి వచ్చినప్పుడు డిస్కు ఉన్నది 49,990 రూపాయలు. ఆ తర్వాత పెరిగింది. రే ట్రేసింగ్‌లో బాగా ముందున్న పీఎస్ 5 ప్రో 2024 నవంబరులో విడుదలైనప్పుడు మన దేశానికి రాలేదు. బయటి నుంచి తెప్పించుకుంటే వారంటీ సంగతి మీరే చూసుకోవాలి. గేముల ధర కూడా లెక్కలో వేసుకోండి. పీసీలో సేల్స్ ఎక్కువ, కన్సోల్లో డిస్కుల మార్పిడి ఉంది. స్నేహితులు నలుగురు ఒక్కో డిస్కు కొని చేతులు మార్చుకునే బృందం ఉంటే కన్సోల్ చవకవుతుంది. డిస్కు లేని మోడల్ కొంటే ఆ దారి మూసుకుపోతుంది. కొంత ఆదా అని అది కొనే ముందు స్నేహితుల్ని లెక్కపెట్టుకోండి.

ఫోన్ల గురించి రెండు మాటలు. స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2 నుంచి, ఐఫోన్లలో ఏ17 ప్రో నుంచి హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ ఉంది. అది చూసి ఫోను కొనకండి. క్లౌడ్ గేమింగ్ అయితే ఎక్కడో సర్వర్లో కార్డు ఉంటుంది, మీకు వీడియో వస్తుంది. 20 ఎంబీపీఎస్ చొప్పున గంటకి 9 జీబీ ఖర్చు. కథ గేములకి ఫరవాలేదు. గురి చూసి కాల్చే గేముల్లో మీరు నొక్కినది అక్కడికి పోయి వచ్చేలోపు ఎదుటివాడు కాల్చేస్తాడు.

## మే నెల లెక్క

విదేశీ రివ్యూలు చదివి కొనేవాళ్లు మర్చిపోయేది ఇదే. వాళ్ల గది 22 డిగ్రీలు. బెజవాడలో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో 38 ఉంటే అదృష్టం. కార్డు తాగిన ప్రతి వాటూ వేడిగా గదిలోకే వస్తుంది. 5070 పెట్టుకున్న పీసీ ఆటలో 400 వాట్లు తీసుకుందనుకోండి. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి సుమారు 100 వాట్లు. అంటే గదిలో నలుగురు చుట్టాలు అదనంగా కూర్చున్నట్టే, పైగా వాళ్లు తలుపు దగ్గర కాకుండా మీ మోకాళ్ల దగ్గర కూర్చుంటారు.

రోజుకి మూడు గంటలు ఆడితే నెలకి 36 యూనిట్లు. అదే 160 వాట్ల కార్డున్న పీసీ 280 తీసుకుంటే 25 యూనిట్లు. తేడా పెద్దది కాదనిపిస్తుంది కానీ, వేసవిలో ఏసీతో ఇప్పటికే పై శ్లాబు అంచున ఉన్న ఇంట్లో నాన్నగారు అడగక మానరు. కరెంటు పోయినప్పుడు ఇంకో తంటా. మామూలుగా కొనే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. 400 వాట్ల పీసీని అది మోయలేదు, కీచుమని అరిచి చేతులెత్తేస్తుంది. పెద్ద కార్డు కొనేవాళ్లు పెద్ద యూపీఎస్ ఖర్చు కూడా కార్డు ధరలోనే కలపాలి.

దీనికి మందు ఉంది. ఫ్రేములకి 60 దగ్గర కట్టు వేయండి, కార్డు పవర్ లిమిట్ పది పదిహేను శాతం తగ్గించండి. వేగం పోయేది కొద్దిగానే, వేడి తగ్గేది బాగా తెలుస్తుంది.

## మరి ఎవరు ఏం కొనాలి

ఉన్న పీసీ అయిదారేళ్ల లోపుదై, కార్డు మాత్రమే పాతదైతే 16 జీబీ 9060 ఎక్స్‌టీ. మా వాడికి చెప్పింది ఇదే. వాడి ఐ5 ప్రాసెసర్ కొంచెం వెనక్కి లాగుతుంది, అయినా 1080పీలో టికెట్టు దొరుకుతుంది. జీటీఏ 5 వాడికి పాత ప్రాణం. 2025 మార్చిలో పీసీకి వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ వెర్షన్‌లో రే ట్రేసింగ్ గ్లోబల్ ఇల్యూమినేషన్ ఉంది, పాత గేము ఉన్నవాళ్లకి ఉచితం. కొత్త గేము కొనే ముందే తేడా చూసుకోవడానికి అంతకన్నా మంచి గేము లేదు.

చేతిలో జీటీఎక్స్ కార్డు ఉండి, డబ్బు ఇంకా కుదరనివాళ్లు ఆగండి. రే ట్రేసింగ్ తప్పనిసరి గేములు ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆడాల్సిన పాత మంచి గేములు జీవితకాలానికి సరిపడా ఉన్నాయి. 8 జీబీ కొత్త కార్డుతో సర్దుకోవడం కన్నా ఆర్నెల్లు ఆగి 16 కొనడం మేలు.

పెళ్లై పిల్లలున్నవాళ్లు, వారానికి నాలుగు గంటలు కూడా దొరకనివాళ్లు పీఎస్ 5 తీసుకోండి. పీసీ అయితే ఆ నాలుగు గంటల్లో రెండు అప్‌డేట్లకే పోతాయి.

1440పీ మానిటర్, ఏసీ గది, డబ్బుకి ఇబ్బంది లేనివాళ్లు 9070 ఎక్స్‌టీ. పాత్ ట్రేసింగే కావాలంటే ఎన్విడియాలో 5070కి పైన 16 జీబీ ఉన్నవాటికి పోవాలి. 5070 వేగానికి ఆ 12 జీబీ మ్యాచ్ కాదు, పాత్ ట్రేసింగ్, ఫ్రేమ్ జనరేషన్ రెండూ కలిస్తే ఊపిరాడదు.

## కౌంటర్ దగ్గర

విజయవాడలో గవర్నర్‌పేట వైపు, గుంటూరులో అరండల్‌పేట వైపు షాపులు తిరిగినప్పుడు డబ్బా పక్కన మెమరీ ఎంతో మీ కళ్లతో చదవండి, నోటి మాట నమ్మొద్దు. నేను ఒకసారి 16 అని డబ్బిచ్చి 8 తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి డబ్బా తిప్పి చూశాక తెలిసింది. మార్చుకోవడానికి మూడుసార్లు తిరిగాను. బిల్లులో పూర్తి మోడల్ పేరు, సీరియల్ నంబరు రాయించుకుని ఉంటే ఒక్కసారితో పోయేది.

మీ ఎస్‌ఎంపీఎస్‌కి 8 పిన్ కనెక్టర్ ఉందో లేదో ముందే క్యాబినెట్ తెరిచి ఫోటో తీసుకెళ్లండి. అడాప్టర్ ఇస్తాం సార్ అంటే వద్దనండి. కార్డు పొడవు క్యాబినెట్లో పడుతుందో లేదో టేపు పెట్టి కొలవండి. మా వాడి కార్డు మొత్తానికి కూర్చుంది కానీ, హార్డ్ డిస్క్ పెట్టే అర ఒకటి స్క్రూలు విప్పి తీసేయాల్సి వచ్చింది. ఆ స్క్రూలు ఇప్పటికీ వాళ్లమ్మ పోపుల డబ్బాలో ఉన్నాయి.